ఎముకల మందు వేసుకోవాలా, వద్దా?

డెక్సా స్కాన్ రిపోర్టులో ఒక రంగుల బొమ్మ ఉంటుంది. పైన ఆకుపచ్చ పట్టీ, మధ్యలో పసుపు, కింద ఎరుపు. మీ ఎముకల సాంద్రత ఆ పట్టీల మీద ఒక చుక్కై కూర్చుంటుంది. ఆ చుక్క ఎరుపులో పడిన రోజు నుంచి ఇంట్లో అందరూ డాక్టర్లే. బెంగళూరులో ఉన్న కొడుకు "ఆలస్యం చెయ్యకమ్మా, ఇవాళే మొదలుపెట్టు" అంటాడు. డాలస్‌లో ఉన్న కూతురు "ఆ మందు వేసుకుంటే దవడ ఎముక చచ్చిపోతుందట, ముట్టుకోకు" అని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడుతుంది. వదినగారు నల్లేరు పచ్చడి చేసి పంపిస్తారు. అసలు డాక్టరుగారేమో చీటీ రాసిచ్చి, అప్పటికే తర్వాతి పేషెంటును పిలిచేశారు.

వీళ్లంతా మీ మంచి కోరేవాళ్లే. కానీ అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. వచ్చే పదేళ్లలో మీకు ఎముక విరిగే అవకాశం ఎంత? మందు వేసుకుంటే అందులో ఎంత తగ్గుతుంది? మందు వేసుకునేది ఎముక విరక్కుండా ఉండటానికి. రిపోర్టులో అంకె బాగుపడటానికి కాదు. వినడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి. కావు.

చుక్క చెప్పేదెంత

ఆ అంకెను టీ-స్కోర్ అంటారు. ఆరోగ్యంగా ఉన్న యువతి ఎముకల సాంద్రతతో మీది పోల్చి, ఎంత దూరంలో ఉన్నారో చెప్పే లెక్క అది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గీతలు గీసింది. మైనస్ 1 దాకా మామూలు. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే ఆస్టియోపీనియా, అంటే బొమ్మలో పసుపు పట్టీ. మైనస్ 2.5, అంతకంటే కిందికి వెళ్తే ఆస్టియోపొరోసిస్, అంటే ఎముక గుల్లబారడం, ఎరుపు పట్టీ. ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి కాబట్టి గీశారు. అంతమాత్రాన మైనస్ 2.4 ఎముక గట్టిదీ, మైనస్ 2.6 ఎముక గుల్లదీ అయిపోదు.

ఇద్దరిని ఊహించుకోండి. ఒకావిడ 56 ఏళ్ల టీచరు. టీ-స్కోర్ మైనస్ 2.6. ఎప్పుడూ ఏ ఎముకా విరగలేదు, రోజూ నడుస్తారు, ఇంకే జబ్బూ లేదు. ఇంకొకావిడకు 72 ఏళ్లు. టీ-స్కోర్ మైనస్ 2.1, అంటే రిపోర్టు ప్రకారం ఆస్టియోపొరోసిస్ లేనట్టే. కానీ రెండేళ్ల కిందట గడప తట్టుకుని పడితే మణికట్టు విరిగింది. వాళ్లమ్మ తుంటి విరిగి మంచాన పడింది. ఉబ్బసానికి ఈవిడ ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగారు. రంగును చూసి మందు రాసేవాళ్లు మొదటావిడకు రాస్తారు, రెండో ఆవిడకు కాల్షియం బిళ్లలిచ్చి పంపేస్తారు. నిజానికి మందు అవసరం ఎక్కువున్నది రెండో ఆవిడకే. ఎముక విరిగి ఆస్పత్రికి వచ్చినవాళ్లకు స్కాన్ చేస్తే ఎక్కువమంది పసుపు పట్టీలోనే కనిపిస్తారు. ఆ పట్టీలో ఉండే జనమే ఎక్కువ మరి.

సాంద్రత వేరు, బలం వేరు అనే సంగతి మన నేలకు ఎప్పుడో తెలుసు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బును దేశంలో మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. తర్వాత ప్రకాశం జిల్లాలో చేరిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతం అది. తర్వాత నల్గొండ పేరు అందరికీ తెలిసింది. ఫ్లోరైడ్ పట్టిన ఎముక ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. స్కాన్ తీస్తే అంకె ఘనంగా వస్తుంది. మనిషేమో నడుం వంగిపోయి ఉంటాడు. విచిత్రమేమిటంటే, ఒకప్పుడు ఇదే ఫ్లోరైడును ఆస్టియోపొరోసిస్‌కు మందుగా ఇచ్చి చూశారు. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 1990లో ఆ ఫలితాలు ప్రచురించారు. నాలుగేళ్లలో నడుము పూసల సాంద్రత 35 శాతం పెరిగింది. రిపోర్టు చూసుకుంటే పండగే. కానీ వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం మూడు రెట్లయింది. ఆ మందు అక్కడితో మూలపడింది. మీరు ఫ్లోరైడ్ ఊళ్లలో పుట్టి పెరిగినవారైతే స్కాన్‌కు ముందే ఆ ముక్క డాక్టరు చెవిన వెయ్యండి.

ఇంకో రెండు చిన్న తిరకాసులున్నాయి. వయసు మీదపడ్డాక నడుము పూసల అంచుల్లో అదనపు ఎముక పెరుగుతుంది. దానివల్ల అంకె లేని ఆరోగ్యాన్ని చూపిస్తుంది. అందుకే పెద్దవాళ్ల విషయంలో తుంటి దగ్గరి అంకెకు విలువెక్కువ. రెండోది, సన్నగా పొట్టిగా ఉండే మనుషుల్లో ఈ యంత్రం సాంద్రతను ఉన్నదానికంటే కొంచెం తక్కువ చేసి చూపిస్తుంది. మన పెద్దమ్మల్లో అలాంటివాళ్లకు కొదవలేదు.

ఇక అపార్ట్‌మెంట్ కింద టెంటు వేసి, మడమ ఒక డబ్బాలో పెట్టించి చేసే ఉచిత ఎముకల పరీక్ష సంగతి. అది అల్ట్రాసౌండ్, డెక్సా కాదు. అందులో అనుమానం వస్తే డెక్సాకు వెళ్లాలి, అంతే. దాన్నిబట్టి జబ్బుందని తేల్చకూడదు, మందు మొదలుపెట్టకూడదు. టెంటు పక్క బల్ల మీద కాల్షియం డబ్బాలు పేర్చి ఉంటే ఇంకాస్త జాగ్రత్తగా ఉండండి.

మీ లెక్క మీరు వేసుకోండి

పదేళ్ల ముప్పును లెక్కగట్టడానికి ఇంగ్లండులోని షెఫీల్డ్ యూనివర్సిటీ 2008లో ఫ్రాక్స్ అనే సాధనం తెచ్చింది. ఉచితం. ఇంటర్నెట్‌లో దేశం పేరు దగ్గర ఇండియా అని ఎంచుకుని, వయసు, ఎత్తు, బరువు నింపాలి. ఇదివరకు చిన్న దెబ్బకే ఎముక విరిగిందా, అమ్మకో నాన్నకో తుంటి విరిగిందా, పొగ, మద్యం అలవాట్లున్నాయా, స్టెరాయిడ్లు వాడారా, రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉందా అని అడుగుతుంది. చివర రెండు శాతాలిస్తుంది. ఒకటి తుంటికి. రెండోది తుంటి, వెన్ను, భుజం, ముంజేయి అన్నిటికీ కలిపి. అమెరికాలో తుంటి ముప్పు 3 శాతంగానీ, మొత్తం ముప్పు 20 శాతంగానీ దాటితే మందు గురించి ఆలోచించమంటారు. అవి వాళ్ల ఖర్చులు, వాళ్ల జనాభా చూసి పెట్టుకున్న హద్దులు. మనకు అవే శిలాశాసనం కానక్కర్లేదు గానీ, మాట మొదలుపెట్టడానికి పనికొస్తాయి.

ఫ్రాక్స్‌కు కళ్లు ఆనని చోట్లున్నాయి. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్ల ముప్పును అది తక్కువ చేసి చూపిస్తుంది. షుగర్ ఉన్నవాళ్లలో సాంద్రత బాగానే ఉన్నా ఎముక ఊహించినదానికంటే త్వరగా విరుగుతుంది. మన ఇళ్లలో షుగర్ లేని ఇల్లెక్కడుంది గనక. అలాగే, నెలకు రెండుసార్లు తూలిపడే మనిషినీ, ఎన్నడూ పడని మనిషినీ ఆ ఫారం ఒకే గాటన కడుతుంది.

తెలుగు రాష్ట్రాల ఆడవాళ్లు మాత్రం ఒక ప్రశ్న దగ్గర ఆగి ఆలోచించాలి. 45 ఏళ్లలోపే ముట్లు ఆగిపోయాయా? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలు మనవే. "ఇక పిల్లలు వద్దుగా, ఇంకెందుకు ఆ సంచి, తీసేస్తే పోలా" అన్న మాటతో ముప్పై అయిదేళ్లకే ఆపరేషన్ టేబుల్ ఎక్కినవాళ్లు ఊరూరా కనిపిస్తారు. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేసి ఉంటే ఈస్ట్రోజన్ ఆ రోజే ఆగిపోయినట్టు. వాటిని ఉంచినా కొందరిలో అవి ముందుగానే చేతులెత్తేస్తాయి. ఎముకను కాపాడే హార్మోన్ అది. 35కు అండాశయాలు పోయిన మనిషికి 55 వచ్చేసరికి, ఆ ఎముకలకు మెనోపాజ్ వచ్చి ఇరవై ఏళ్లయినట్టు లెక్క. చాలామందికి తమ అండాశయాలు ఉన్నాయో తీసేశారో కూడా తెలియదు. అప్పటి డిశ్చార్జి కాగితం బీరువాలో ఉందేమో వెతకండి. లేకపోతే డాక్టరుతో చెప్పి కడుపు స్కానింగ్ చేయించుకోండి. ఇంకా యాభై దాటనివాళ్లైతే ఎముకల మందు కంటే ముందు హార్మోన్ మాత్రల గురించి గైనకాలజిస్టును అడగాలి. ఆ వయసులో అవే సరైన దారి కావచ్చు.

వెన్నుపూస విరిగిందో లేదో తెలుసుకోవడం ఇంకా ముఖ్యం. ఇలా విరిగిన పూసల్లో మూడింట రెండు వంతులు మనిషికి తెలియకుండానే అణిగిపోతాయి. "నడుం పట్టేసింది" అని జండూబామ్ రాసుకుని ఊరుకుంటారు. వయసులో ఉన్నప్పటి ఎత్తు కంటే నాలుగు సెంటీమీటర్లు తగ్గినా, ఎప్పుడూ కట్టే లంగా నేలకు రాసుకుంటున్నా, వీపు పైభాగం గూని తేలుతున్నా వెన్నుకు పక్కనుంచి ఎక్స్‌రే తీయించమని అడగండి. అందులో ఒక పూస అణిగి కనిపిస్తే టీ-స్కోర్ ఎంతున్నా మందు అవసరమనే అర్థం. ఒకటి అణిగినవాళ్లకు రెండోది అణిగే ముప్పు బాగా ఎక్కువ.

మధ్యలో ఒక మాట. మోకాళ్ల నొప్పులు ఈ జబ్బు కాదు. అది కీళ్ల అరుగుదల. ఎముక గుల్లబారడం విరిగేదాకా నొప్పి పెట్టదు. కాబట్టి "మూడు నెలలు వాడాను, నొప్పులేం తగ్గలేదు" అని మందు మానేసేవాళ్లు తప్పు కొలబద్దతో కొలుస్తున్నారు.

"సగానికి సగం" అంటే ఎంత

అలెండ్రోనేట్ అనే మందు 1995లో అమెరికాలో ఆమోదం పొందింది. ఇవాళ మన దేశంలో అందుబాటు ధరలో దొరికే ఎముకల మందుల్లో ఇదొకటి. వారానికి 70 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. దీని మీద 1996లో వెలువడిన పెద్ద అధ్యయనంలో ఉన్నవాళ్లందరూ అప్పటికే వెన్నుపూస విరిగిన ఆడవాళ్లు. మూడేళ్లు చూశారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వందమందిలో 15 మందికి కొత్తగా వెన్నుపూస విరిగింది. మందు వేసుకున్న వందమందిలో 8 మందికి. తుంటి విరగడం 2.2 శాతం నుంచి 1.1 శాతానికి తగ్గింది.

ఈ రెండో అంకెను ఎలా చెప్తారో గమనించండి. కంపెనీ ప్రతినిధి "తుంటి ఫ్రాక్చర్లు సగానికి సగం తగ్గుతాయి" అంటాడు. మందంటే గిట్టని బంధువు "వందమంది మూడేళ్లు మింగితే ఒక్కరికి లాభం" అంటాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. మీరు పట్టుకోవాల్సింది మీ సొంత ముప్పును. అది నూటికి 2 అయితే సగం తగ్గడమంటే 1 తగ్గడం. అది నూటికి 20 అయితే సగమంటే 10. మందు అదే, మాత్ర అదే, దుష్ఫలితాలూ అవే. లాభం మాత్రం పదింతలు. ముప్పు ఎక్కువున్నవాళ్లకే మందు ఎందుకు గట్టిగా చెబుతారో, యాభై దాటిన ప్రతివాళ్లకూ ఎందుకు రాయకూడదో ఇక్కడే తెలిసిపోతుంది.

పసుపు పట్టీలో ఉన్నారు కదా అని ధీమా పడటానికీ లేదు. న్యూజిలాండ్‌లో 65 దాటిన, ఆస్టియోపీనియా ఉన్న రెండు వేల మంది ఆడవాళ్లలో సగంమందికి ఏడాదిన్నరకొకసారి సెలైన్‌లో ఎక్కించే జోలెడ్రోనిక్ ఆసిడ్ అనే మందు ఇచ్చి, మిగతా సగానికి ఉత్త సెలైన్ ఇచ్చి ఆరేళ్లు చూశారు. 2018లో వచ్చిన ఫలితం: సెలైన్ వాళ్లలో 190 మందికి ఎముక విరిగితే, మందు వాళ్లలో 122 మందికి. పదిహేను మందికి మందిస్తే ఒకరి ఎముక నిలిచినట్టు. వయసే ఒక పెద్ద ముప్పని ఈ అధ్యయనం గట్టిగా చెప్పింది.

తూకంలో ఇంకో పక్క పెట్టాల్సింది, విరిగితే ఏమవుతుందన్నది. మణికట్టు ఆరువారాల సిమెంటు కట్టుతో పోతుంది. తుంటి అలా కాదు. ఆపరేషన్, మంచం, ఇంట్లో ఒకరు ఉద్యోగానికి సెలవు పెట్టడం. తుంటి విరిగినవాళ్లలో సుమారు అయిదుగురిలో ఒకరు ఏడాది తిరక్కుండానే పోతారని అనేక దేశాల లెక్కలు చెబుతున్నాయి. బతికినవాళ్లలో చాలామంది మునుపటిలా నడవలేరు. ఒంటరిగా ఉంటున్న 70 ఏళ్ల మనిషికి "నా పని నేను చేసుకోగలగాలి" అన్నదే అన్నిటికంటే పెద్ద కోరిక అయితే, అదే శాతం ఆవిడకు వేరుగా తూగుతుంది. ఈ విలువ కట్టాల్సింది డాక్టరు కాదు, పిల్లలూ కాదు.

భయాల్ని కూడా లెక్కలోకి తెచ్చుకోండి

ఒంట్లో ఎముక ఎప్పుడూ పాతది కూలుతూ కొత్తది లేస్తూ ఉంటుంది. ఒక రకం కణాలు పాత గోడ కొట్టే కూలీలు, ఇంకో రకం కొత్తది కట్టే మేస్త్రీలు. మెనోపాజ్ తర్వాత కూలీలు రెచ్చిపోతారు, మేస్త్రీలు వాళ్లను అందుకోలేరు. అలెండ్రోనేట్, రిసెడ్రోనేట్, ఐబాండ్రోనేట్, జోలెడ్రోనిక్ ఆసిడ్ అన్నీ ఒకే కుటుంబం మందులు. కూలీల చేయి కట్టేస్తాయి. మరీ ఎక్కువ ఏళ్లు కట్టేస్తే, మామూలుగా మరమ్మతు కావాల్సిన సన్నని పగుళ్లు అలాగే ఉండిపోతాయి. అరుదుగా వచ్చే తొడ ఎముక ఫ్రాక్చరుకు మూలం ఇదేనని వైద్యుల అంచనా.

ఆ ఫ్రాక్చర్ గురించి ఆసియావాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. దక్షిణ కాలిఫోర్నియాలో సుమారు రెండు లక్షల మంది ఆడవాళ్ల వైద్య రికార్డులు పరిశీలించి 2020లో ఒక లెక్క ప్రచురించారు. పదివేల మంది తెల్లజాతి ఆడవాళ్లు మూడేళ్లు మందు వాడితే 149 తుంటి ఫ్రాక్చర్లు తప్పుతాయి, మందు వల్ల 2 తొడ ఫ్రాక్చర్లు వస్తాయి. అదే ఆసియా మూలాలవాళ్లలో 91 తప్పుతాయి, 8 వస్తాయి. ఆసియావాళ్లంటే అక్కడ భారతీయులే అని కాదు. అయినా రెండు విషయాలు తేలాయి. మనలాంటివాళ్లకు కూడా లాభమే ఎక్కువ. కానీ తేడా అంత విశాలం కాదు, కాబట్టి అవసరం లేకుండా పదేళ్లు వాడుకుంటూ పోవడం మనకు మరింత తప్పు. తొడలోగానీ గజ్జలోగానీ కారణం తెలియని మొండి నొప్పి వారాల తరబడి ఉంటే ఆగకుండా ఎక్స్‌రే తీయించాలి. రెండు తొడలకూ. మందు ఆపాక ఈ ముప్పు త్వరగానే తగ్గుతుంది.

డాలస్ కూతురు చెప్పిన దవడ సంగతీ అబద్ధం కాదు. పన్ను పీకించాక పుండు మానకపోవడం, ఎముక బయటపడటం జరుగుతుంది. అయితే ఆస్టియోపొరోసిస్‌కు వాడే మోతాదులో ఇది ఏడాదికి పదివేల మందిలో ఒకరి నుంచి లక్షమందిలో ఒకరి దాకా అని అంచనా. భయపెట్టే కథల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ రోగులవి. వాళ్లకు ఇవే మందులు చాలా పెద్ద మోతాదులో, చాలాసార్లు ఎక్కిస్తారు. మీరు చెయ్యాల్సింది చిన్నది. మందు మొదలుపెట్టే ముందే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి పీకాల్సినవి పీకించుకుని, పుండు మానాక మొదలుపెట్టండి. తర్వాత ఎప్పుడు పళ్ల పనికి వెళ్లినా ఈ మందు పేరు చెప్పండి.

నిజానికి ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేవి పేపర్లో పడని సంగతులు. అలెండ్రోనేట్ గొంతులో, అన్నవాహికలో ఆగితే మంట, పుండు. అందుకే పొద్దున్నే ఖాళీ కడుపుతో పెద్ద గ్లాసెడు మామూలు నీళ్లతో మింగి, అరగంట పాటు పడుకోకూడదు, ఏమీ తినకూడదు. కాఫీ కూడా. మన ఇళ్లలో ఈ చికిత్సకు అసలు పరీక్ష ఈ చివరి షరతే. కాఫీతోనో పాలతోనో మింగితే మందు ఒంటికి పట్టదు. కాల్షియం బిళ్లతో కలిపి మింగినా అంతే, దాన్ని మధ్యాహ్నం భోజనానికి మార్చుకోండి. ఎసిడిటీ, అన్నవాహిక జబ్బులున్నవాళ్లకూ, నిటారుగా కూర్చోవడం కష్టమై ఎక్కువసేపు మంచం మీదే ఉండేవాళ్లకూ ఏడాదికొకసారి సెలైన్‌లో ఎక్కించే 5 మిల్లీగ్రాముల జోలెడ్రోనిక్ ఆసిడ్ నయం. మొదటిసారి ఎక్కించాక ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు. పారాసిటమాల్‌తో తగ్గుతాయి. రెండో ఏడాది అంత ఉండదు. ముందుగా చెప్పకపోతే మాత్రం "ఆ ఇంజెక్షన్ పడలేదు" అని కుటుంబమంతా తీర్మానించేస్తుంది.

మూత్రపిండాల పనితీరు బాగా తగ్గినవాళ్లకు ఈ కుటుంబం మందులు పనికిరావు. క్రియాటినిన్ చూడకుండా ఎవరైనా జోలెడ్రోనిక్ ఎక్కిస్తామంటే ఆపండి. విటమిన్-డి, కాల్షియం కూడా ముందే సరిచేసుకోవాలి. లేకపోతే రక్తంలో కాల్షియం హఠాత్తుగా పడిపోతుంది. మనకు ఎండ ఎక్కువ కాబట్టి విటమిన్-డి కి కొరత ఉండదనుకోవద్దు. తిరుపతి స్విమ్స్ వైద్యులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, పల్లెల్లో ఎండలో పనిచేసేవాళ్లలో కూడా ఆ లోపం కనిపించింది. పనిలో పనిగా థైరాయిడ్, పారాథైరాయిడ్, మైలోమా అనే రక్త క్యాన్సర్ లాంటివి ఎముకను తినేస్తున్నాయేమో చూడాలి. వాటిని వదిలేసి ఎముకల మందు మింగినా ప్రయోజనం అంతంతే.

కాల్షియం విషయంలో ఒక్క ముక్క. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు, ముట్లాగిన ఆడవాళ్లకు 1200 ఉండాలంటోంది. వంద గ్రాముల రాగిపిండిలో సుమారు 350 ఉంటుంది. రెండు పూటలా పాలో పెరుగో, రాగి సంగటో, నువ్వులో తింటే చాలావరకు అందుతుంది. ఇది పునాదే, చికిత్స కాదు. ముప్పు ఎక్కువున్న మనిషికి కాల్షియం బిళ్లలొక్కటే ఇచ్చి ఊరుకోవడం చికిత్స చేస్తున్నామని నటించడమే. నల్లేరు పచ్చడి కూడా రుచికోసం తినండి, మందు స్థానంలో పెట్టకండి.

మొదలుపెట్టే రోజే ముగింపు అడగండి

బీపీ మందులాగా ఇవి జీవితాంతం వాడేవి కావు. మాత్రలైతే అయిదేళ్లకు, సెలైన్‌లో ఎక్కించేవైతే మూడేళ్లకు ఆగి, మళ్లీ లెక్క చూసుకోవాలి. ముప్పు తగ్గి ఉంటే కొన్నేళ్లు సెలవిస్తారు. ఇంకా ఎక్కువే ఉంటే కొనసాగిస్తారు. ఈ సెలవు ఇవ్వగలగడానికి కారణం, ఆ మందు ఎముకలోనే నిలవుండి మానేశాక కూడా కొంతకాలం పనిచెయ్యడం. చీటీ మీద తేదీ వెయ్యకపోవడం వల్ల పదకొండేళ్లుగా ఆదివారం మాత్ర మింగుతున్నవాళ్లున్నారు. ఎవరూ ఆపమనలేదు, ఎవరూ అడగలేదు.

డెనోసుమాబ్ అనే ఇంజెక్షన్ మాత్రం ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఆరు నెలలకొకసారి చర్మం కింద వేస్తారు. బాగా పనిచేస్తుంది. 2009 నాటి అధ్యయనంలో మూడేళ్లలో కొత్తగా వెన్నుపూస విరగడం 7.2 శాతం నుంచి 2.3 శాతానికి తగ్గింది. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవాళ్లకూ ఇవ్వొచ్చు, కానీ వాళ్లలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చు కాబట్టి జాగ్రత్తగా కనిపెట్టి చూడాలి. చిక్కు ఎక్కడంటే, ఇది ఎముకలో నిలవుండదు. మానేస్తే సంపాదించిందంతా ఏడాదిన్నర రెండేళ్లలో కరిగిపోతుంది, కొందరిలో ఒకేసారి రెండు మూడు వెన్నుపూసలు విరుగుతాయి. అందుకే ఒక్క డోసు కూడా నెల దాటి ఆలస్యం కాకూడదు. ఎప్పుడైనా ఆపాల్సివస్తే వెంటనే జోలెడ్రోనిక్ లాంటిది అందుకోవాలి. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలుండి వచ్చే తల్లులు ఈ మందు ఒప్పుకునే ముందు వీసా తేదీలూ ఇంజెక్షన్ తేదీలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. అక్కడ ట్రావెల్ ఇన్సూరెన్సుతో ఈ ఇంజెక్షన్ దొరకదనే అనుకోండి. డబ్బు కుదిరినప్పుడు వేయించుకుందాం, లేనప్పుడు మానేద్దాం అనుకునేవాళ్లకు ఇది అసలు తగిన మందు కాదు. డాక్టరుగారు సూటిగా చెప్పాల్సిన మాట ఇది. చెప్పకపోతే మీరే అడగండి: "ఇది ఎప్పుడు ఆపుతారండీ? ఆపాక ఏమిస్తారు?"

మేస్త్రీలను పనిలోకి దించే మందులూ ఉన్నాయి. టెరిపారటైడ్ రోజూ వేసుకునే ఇంజెక్షన్, సాధారణంగా రెండేళ్లకు మించి వాడరు. రోమోసోజుమాబ్ నెలకొకసారి, ఒక ఏడాది. ఈమధ్య గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకు రోమోసోజుమాబ్ వద్దు. ఖరీదు ఎక్కువ కాబట్టి, వెన్నుపూసలు అప్పటికే రెండు మూడు విరిగినవాళ్లకు వీటి అవసరం ముందు వస్తుంది. ఇవి అయ్యాక కూడా వెనకే ఇంకో మందు వాడకపోతే కట్టిందంతా మళ్లీ పోతుంది.

మీరు వద్దనుకుంటే

వద్దనడం కూడా నిర్ణయమే, దానికీ పద్ధతుంది. మన 56 ఏళ్ల టీచరుగారు ఫ్రాక్స్ వేసుకుని, ముప్పు చిన్నదని తెలుసుకుని, "ఇప్పుడే వద్దండీ" అంటే అది సబబే. మందులషాపులో చీటీ చూపించకుండా పర్సులో మడిచిపెట్టేసి, డాక్టరు దగ్గర "వాడుతున్నానండీ" అనడం మాత్రం నిర్ణయం కాదు. ఎముకల మందు మొదలుపెట్టినవాళ్లలో చాలా దేశాల్లో దాదాపు సగంమంది ఏడాదిలోపే మానేస్తున్నారు, అదీ చాలాసార్లు ఎవరికీ చెప్పకుండా. వాడట్లేదని తెలిస్తే డాక్టరు వేరే దారి చూపిస్తారు. వాడుతున్నారనుకుంటే, విరిగినప్పుడు మందు పనిచెయ్యలేదనుకుని ఇంకా పెద్ద మందు రాస్తారు.

వద్దన్నవాళ్లు, కావాలన్నవాళ్లు ఇద్దరూ చెయ్యాల్సింది పడకుండా చూసుకోవడం. ఎముక ఎంత గుల్లైనా, తుంటి విరిగేది ఎక్కువగా పడినప్పుడే. నిద్రమాత్రలు, లేవగానే కళ్లు తిరిగేలా చేసే బీపీ మందులు, రేపు మాపు అని వాయిదా వేస్తున్న శుక్లాల ఆపరేషన్, రాత్రి మూత్రానికి చీకట్లో వెళ్లడం, బాత్‌రూంలో నున్నటి గచ్చు. వీటిలో ఏ రెండింటిని సరిచేసినా పడే ముప్పు తగ్గుతుంది. బాత్‌రూంలో పట్టుకోవడానికి స్టీలు కమ్మీ ఒకటి బిగించుకోవడానికి ఎవరి చీటీ అక్కర్లేదు. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం రోజూ పదిసార్లు చేస్తే తొడలకు బలం వస్తుంది. అయితే వెన్నుపూస విరిగి ఉన్నవాళ్లు ముందుకు వంగి కాలివేళ్లు అందుకునే ఆసనాలు మానాలి. యోగా టీచరుకు ఈ సంగతి ముందే చెప్పండి.

వద్దనుకున్నవాళ్లు ఆ నిర్ణయాన్ని కాగితం మీద పెట్టుకోండి. ఫ్రాక్స్ ఇచ్చిన రెండు శాతాలు, ఈనాటి ఎత్తు, బరువు రాయండి. ఏం జరిగితే మనసు మార్చుకుంటారో కూడా రాయండి: చిన్న దెబ్బకు ఎముక విరగడం, ఎత్తు తగ్గడం, మూడు నెలలకు మించి స్టెరాయిడ్లు వాడాల్సి రావడం. డెక్సా మళ్లీ రెండేళ్లకు, అదే సెంటర్లో, అదే యంత్రం మీద చేయించుకోండి. వేరే యంత్రం మీది అంకెతో పోలిస్తే తేడా ఎముకదో యంత్రానిదో తేలదు. ఆ కాగితాన్ని ఫోటో తీసి కొడుక్కీ కూతురికీ పంపండి. ఇంకోసారి ఫోన్లో వాదన మొదలైతే, వాళ్లు ముందు అది చదువుకుని మాట్లాడతారు.